సంతకం ఇంటివాళ్లది, జీవితం అమ్మాయిది

బడుల్లో జరిగే సర్వేల మీద చర్చ వచ్చినప్పుడల్లా అది తల్లిదండ్రుల సంతకం దగ్గరే ఆగిపోతోంది. సంతకం ఉంటే అంతా సక్రమమే! జవాబు చెప్పాల్సిన అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు.

కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనాన్ని గుర్తు చేస్తాను. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక హింసకు గురయ్యామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. హింసకు పాల్పడినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. అందులో తండ్రో, బాబాయో ఉన్నప్పుడు నోరు విప్పడానికి ఆ పిల్ల ఆ ఇంటి పెద్ద అనుమతే తెచ్చుకోవాలా? పరువు పేరుతో కుటుంబం మూసిన నోటికి మనం నైతికత పేరుతో ఇంకో తాళం వేస్తున్నాం.

అలాగని తల్లికి చెప్పకుండా చేయమనడం లేదు. కానీ మనం ఏ తల్లికి చెబుతున్నాం? ఖరీదైన ప్రైవేటు బడులు పరిశోధకులను గేటు దాటనివ్వవు. కనుక మన ప్రశ్నావళులు సర్కారు బడుల మీద, సంక్షేమ హాస్టళ్ల మీద పడతాయి. కూలికెళ్లే తల్లికి కాగితంలో ఏముందో చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించుకోవడం చూశాను. హాస్టల్లో అయితే వార్డెన్ ఒక్క సంతకంతో పిల్లలందరి అంగీకారం వచ్చేస్తుంది. దళిత, ఆదివాసీ పిల్లల జీవితాలు మనకు ఇంత తేరగా దొరుకుతున్నాయి.

ఇక గోప్యత. నెలసరి గురించీ, ఇంట్లో దెబ్బల గురించీ అడిగే కాగితం పైన రోల్ నంబరు! పక్క బెంచీలో మగపిల్లలు. కాగితాలు పోగుచేసేది క్లాసు టీచరే, అదీ తిరగేస్తూ. ఇలా రాయించిన జవాబులతో పట్టికలు వేసి డాక్టరేట్లు తెచ్చుకుంటున్నాం.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు 12 ఏళ్లు దాటిన పిల్లల రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోమన్నాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం 18 ఏళ్లలోపు వారందరినీ ఒకే గాటన కట్టి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. పరిశోధనలకు కొంత మినహాయింపు ఇచ్చింది గాని, పిల్ల ఇష్టం ఊసే ఎత్తలేదు. పదిహేడేళ్ల అమ్మాయికి తన మాట మీద తనకు హక్కు లేదా?

పేరు రాయించవద్దు. టీచరు గది బయట ఉండాలి. వద్దన్న పిల్లను ఎందుకని అడగకూడదు. మరో మాట. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిస్తే మనం పోలీసులకు చెప్పి తీరాలి. అలాంటప్పుడు "ఎవరికీ చెప్పం" అని పిల్లకు ఎలా మాటిస్తున్నాం? ప్రశ్న అడగకముందే ఆ సంగతి ఆమెకు చెప్పాలి. చెప్పాక ఆమె లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వాలి.