కెర్‌ప్లంక్: సంతకానికి ముందే సిద్ధమైన బృందం

గ్రీన్ డే అనే అమెరికన్ పంక్ రాక్ బృందం కథను చాలామంది 1994 నుంచే మొదలుపెడతారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో వార్నర్ సంస్థకు చెందిన రిప్రైజ్ కంపెనీ విడుదల చేసిన ‘డూకీ’ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటి ప్రతులు దాటింది, మరుసటి ఏడాది గ్రామీ అవార్డు తెచ్చిపెట్టింది. అక్కడి నుంచి వాదన రెండు పాయలవుతుంది. పెద్ద కంపెనీ చెయ్యి వేయబట్టే ఆ ముగ్గురు కుర్రాళ్లు పైకొచ్చారని ఒక వర్గం అంటుంది. పెద్ద కంపెనీ చేతిలో పడ్డాకే పాడైపోయారని ఇంకో వర్గం అంటుంది. ఇద్దరిదీ ఒకటే పొరపాటని నా అభిప్రాయం. 1993లో పెట్టిన సంతకంతోనే బృందం తలరాత మారిందని ఇద్దరూ నమ్ముతున్నారు. కానీ అంతకు ముందే, 1991 చివర్లో, లుకౌట్ అనే చిన్న కంపెనీ నుంచి ‘కెర్‌ప్లంక్’ వచ్చింది. ఆ ఆల్బమ్‌ను శ్రద్ధగా విని, అది ఏ షరతుల మీద తయారైందో కూడా చూస్తే, ఆ సంతకానికి అంత బరువు ఇవ్వబుద్ధి కాదు.

ముందు పాటల సంగతి చూద్దాం. గిటార్ వాయిస్తూ పాడే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, బేస్ గిటార్ వాయించే మైక్ డర్ంట్, డ్రమ్స్ వాయించే ట్రే కూల్, ఈ ముగ్గురిలో ఎవరికీ అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆర్ట్ ఆఫ్ ఇయర్స్ స్టూడియోలో, కొద్ది వేల డాలర్లకు మించని ఖర్చుతో రికార్డింగ్ ముగించారు. 1990లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘39/స్మూత్’లో డ్రమ్స్ వాయించింది జాన్ కిఫ్‌మేయర్. అందులో ఈడొచ్చిన కుర్రాడి బెంగ ఉంది, చక్కటి బాణీలున్నాయి, కానీ పాటలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ‘కెర్‌ప్లంక్’కు వచ్చేసరికి ట్రే కూల్ చేరాడు, పాటకు నడక వచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒక్కసారిగా విరుచుకుపడాలో ముగ్గురికీ తెలిసిపోయింది. రైలు పట్టాల పక్కన కుర్రాళ్లు పొద్దుపుచ్చే చోటును ‘క్రిస్టీ రోడ్’ పేరుతో పాట చేసిన తీరు వినండి. అది ఊరి మీద విసుగూ, ఆ ఊరి మీదే మమకారమూ కలిసిన పాట. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ‘వెల్కమ్ టు పారడైజ్’. ఇల్లు వదిలి, వెస్ట్ ఓక్లాండ్‌లోని పాడుబడ్డ పరిసరాల్లో కాపురం పెట్టిన కుర్రాడు తల్లికి చెప్పుకునే మాటలవి. ఈ పాటను ‘డూకీ’ కోసం నిర్మాత రాబ్ కవాలో ఆధ్వర్యంలో మళ్లీ రికార్డు చేశారు. రెండూ వరసగా పెట్టుకుని వింటే తేడా తెలుస్తుంది. రెండోదాంట్లో గిటార్ మోత చిక్కగా ఉంది, డ్రమ్స్ దెబ్బ గుండెకు తగులుతుంది. అయితే బాణీ, మాటలు, మధ్యలో గొంతు ఆగి వాయిద్యాలు మాత్రమే ముందుకు సాగే ఘట్టం, అన్నీ మొదటిదాంట్లోనే ఉన్నాయి. కొత్త కంపెనీ డబ్బు ఆ పాటకు మెరుగు పెట్టింది. పాటను పుట్టించలేదు.

మరి పుట్టించిందేమిటి? ముగ్గురి ప్రతిభ అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. బర్కిలీలో 924 గిల్మన్ స్ట్రీట్ అనే చిరునామాలో, పాత గిడ్డంగిలాంటి చోట, 1986 డిసెంబరు 31 రాత్రి ఒక వేదిక మొదలైంది. దాన్ని నడిపింది జీతాలు లేని కార్యకర్తలు. సభ్యత్వ రుసుము రెండు డాలర్లు. లోపల మద్యం లేదు, మత్తుమందులు లేవు, కొట్లాటలకూ జాతి దూషణకూ చోటులేదు. అమెరికాలో ఇది చిన్న విషయం కాదు. రాక్ సంగీతం ఎక్కువగా వినిపించేది బార్లలో, బార్లలోకి ఇరవై ఒకటి నిండనివాళ్లను రానివ్వరు. పదహారేళ్ల పిల్లలు వినడానికే కాక వేదికెక్కి వాయించడానికి కూడా గిల్మన్ చోటిచ్చింది. వారం వారం తమ ఈడువాళ్ల ముందు వాయించడం, బాగాలేకపోతే అక్కడికక్కడే తెలుసుకోవడం గ్రీన్ డేకు అక్కడ కుదిరింది. ఊళ్లు తిరగాల్సి వచ్చినప్పుడు పాత సంచార గ్రంథాలయ వాహనాన్ని మార్చుకుని, ట్రే కూల్ తండ్రి దాన్ని నడుపుతుండగా వెళ్లారు. స్టూడియోలో అడుగుపెట్టేనాటికి పాటలు నలిగి నిగ్గుతేలి ఉన్నాయంటే కారణం ఇదీ.

రెండోది లుకౌట్ పెట్టిన షరతులు. లారీ లివర్‌మోర్, డేవిడ్ హేయ్స్ 1987లో మొదలుపెట్టిన ఈ కంపెనీ, ఖర్చులు పోను మిగిలినదాంట్లో అరవై శాతం బృందాలకే ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. రికార్డింగుల మీద హక్కు బృందం దగ్గరే ఉండేది. పెద్ద కంపెనీల ఒప్పందాల్లో ఆ రోజుల్లో మామూలుగా కనిపించేది దీనికి తిరగబడ్డ లెక్క: ముందు కొంత బయానా ఇస్తారు, అది తీరేదాకా కళాకారుడికి చేతికేమీ రాదు, మాస్టర్ రికార్డింగ్ కంపెనీ ఆస్తి అవుతుంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఈ తేడా అర్థం కాకపోవచ్చు. ముప్పై దాటాక బాగానే అర్థమవుతుంది.

ఇక్కడ బలమైన అభ్యంతరమే వస్తుంది. గిల్మన్‌లో ఎంత బాగా వాయించినా ఊరు దాటి విన్నదెవరు? ‘డూకీ’ రాకపోతే ‘కెర్‌ప్లంక్’ పేరు ఎవరికి తెలిసేది? ఇందులో నిజముంది. ‘కెర్‌ప్లంక్’కు తర్వాత పదిలక్షల ప్రతులకు ఇచ్చే ప్లాటినమ్ గుర్తింపు వచ్చిందంటే, దాన్ని కొన్నవాళ్లలో చాలామంది ‘డూకీ’ విని వెనక్కి వెళ్లినవాళ్లే అయి ఉంటారు. పంపిణీ, రేడియో, ఎంటీవీ చేసిన పని చిన్నది కాదు. కాకపోతే చేర్చడం ఒక పని, తయారుచేయడం ఇంకో పని. ఎంత పెద్ద పంపిణీ వ్యవస్థ అయినా చేర్చడానికి ముందు ఏదో ఒకటి తయారై ఉండాలి. ఆ తయారీకి పెట్టుబడి పెట్టింది రిప్రైజ్ కాదు. రెండు డాలర్ల చందాతో నడిచే వేదికా, చిన్న కంపెనీ ఒకటీ ఆ భారం మోశాయి. విజయం లెక్క రాసేటప్పుడు ఆ పద్దు మరిచిపోవడం అన్యాయం.

రెండో అభ్యంతరం అటువైపు నుంచి వస్తుంది. అంత రుణపడి ఉంటే ఎందుకు వదిలి వెళ్లారు? పెద్ద కంపెనీతో సంతకం చేసిన బృందాలకు గిల్మన్‌లో చోటుండేది కాదు కాబట్టి, 1993 తర్వాత ఆ తలుపులు గ్రీన్ డేకు మూసుకుపోయాయి. ఆ నిబంధన వాళ్లకు అన్యాయం చేసిందంటే నేను ఒప్పుకోను. వేలమందిని రప్పించగల బృందానికి అంత చిన్న హాలు అవసరం లేదు, తర్వాతి పదహారేళ్ల పిల్లలకు ఉంది. అలాగని వెళ్లినవాళ్లను ద్రోహులనడం కూడా తప్పే. పరిమాణంలో చిన్నదైనంత మాత్రాన కంపెనీ న్యాయంగా ఉంటుందన్న భరోసా లేదు. అందుకు సాక్ష్యం లుకౌటే. లివర్‌మోర్ 1997లో తప్పుకున్నాక కంపెనీ రాబడిని మించి విస్తరించింది, బృందాలకు ఇవ్వాల్సిన రాయల్టీలు పేరుకుపోయాయి. 2005లో గ్రీన్ డే తమ పాత ఆల్బమ్‌లన్నీ లుకౌట్ నుంచి వెనక్కి తీసుకుంది. అలా తీసుకోగలిగారంటే హక్కులు మొదటి నుంచీ వాళ్ల దగ్గర ఉండటమే కారణం. గిల్మన్‌లోనే ఎదిగిన ఆపరేషన్ ఐవీ ఆల్బమ్ కూడా ఇలాగే లుకౌట్ చేజారింది. ఆ దెబ్బకు లుకౌట్ సిబ్బందిని తగ్గించుకుంది, కొత్త ఆల్బమ్‌లు ఆపేసింది, 2012లో పూర్తిగా మూతపడింది. దాన్నే నమ్ముకున్న చిన్న బృందాలూ ఉద్యోగులూ నష్టపోయారు, అది బాధాకరమే. ఆ నష్టానికి కారణం మాత్రం కళాకారుల చేతిలో హక్కులుంచిన 1987 నాటి పద్ధతి కాదు. వాళ్లకు రావాల్సిన డబ్బు వాళ్లకు చేర్చకపోవడం.