ముల్లు ఎక్కితే వేడెక్కినట్టేనా?

పాత కారులో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే మన దగ్గర జరిగే కథ దాదాపు ఒకటే. బండి షెడ్డుకి వెళ్తుంది. ముందు కూలెంట్ మారుస్తారు. తగ్గకపోతే థర్మోస్టాట్ పీకేస్తారు. అప్పటికీ తగ్గకపోతే రేడియేటర్ మార్చాలంటారు. ఇన్ని జరిగినా "అసలు ఇంజన్ నిజంగా వేడెక్కిందా? ఎప్పుడు ఎక్కుతోంది?" అని ఎవరూ అడగరు. నా దృష్టిలో అది రిపేరు కాదు, లాటరీ. ఆ తప్పులో సగం మెకానిక్‌ది అయితే మిగతా సగం మనది.

ముందు ముల్లు సంగతి చూద్దాం. అది వేడిని నేరుగా కొలవదు. ఇంజన్‌లో కూలెంట్ తగిలే చోట ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, మీటర్‌కి కరెంట్ ఎక్కువ వెళ్తుంది, ముల్లు లేస్తుంది. అంటే సెన్సర్, వైరు, మీటర్, ఎర్త్ ఈ నాలుగింటిలో ఏది పాడైనా ముల్లు అబద్ధం చెప్పగలదు. సెన్సర్ వైరు తోలు ఊడి బాడీకి తగిలినా చాలు, చల్లటి ఇంజన్‌కి కూడా ముల్లు పైకి పోతుంది. హెడ్‌లైట్ వేయగానే ముల్లు కదిలితే ఎర్త్ మీద అనుమానపడాలి. దీనికి రివర్స్ ఇంకా ప్రమాదం. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ ఖాళీలో ఉండిపోయి, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందే ఉండొచ్చు.

మారుతి 800నే తీసుకోండి. తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి 800కీ పదేళ్లు దాటాయి. ఆ వయసులో వైర్లు, గొట్టాలు, స్విచ్‌లు అన్నీ అనుమానితులే. అందుకే ఏది మార్చాలో కాదు, ఏది కాదో ముందు తేల్చాలి.

దానికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే ముల్లు లేచి, హైవే ఎక్కగానే దిగిపోతే ముందు ఫ్యాన్‌ని చూడాలి. బండి పరిగెడుతుంటే గాలి తనంతట తనే రేడియేటర్‌లోంచి వెళ్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్‌దే. హైవే మీద స్పీడ్‌లో ఎక్కితే రేడియేటర్ పూడుకుపోయిందేమో, వాటర్ పంప్ నీళ్లు తోయట్లేదేమో చూడాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ లోపల గార కట్టడం మనవైపు మామూలే. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోతూ, ఇంజన్ ఆన్‌లో ఉంటే రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ గురించి ఆలోచించాలి. ముల్లు మీదే అనుమానముంటే టెంపరేచర్ గన్‌తో థర్మోస్టాట్ దగ్గర చూడొచ్చు. మెరిసే అల్యూమినియం మీద పెడితే మాత్రం అది తక్కువ చూపిస్తుంది, మసకగా ఉన్న చోట పెట్టాలి.

ఇంక థర్మోస్టాట్ పీకేయడం. మన ఎండలకి అది అనవసరం అనే మాట చాలా చోట్ల వింటాం. కానీ దాని పని ఇంజన్‌ని సరైన వేడికి త్వరగా తీసుకెళ్లి అక్కడ ఉంచడం. చాలా బండ్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది లేకపోతే ఇంజన్ చల్లగానే తిరుగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. ముల్లు దిగుతుంది కాబట్టి సమస్య పోయిందనుకుంటాం. ఫెయిలవుతున్న టెస్ట్ కేస్‌ని కామెంట్ చేసేసి "కోడ్ పాసైంది" అన్నట్టు.

"ముల్లు అబద్ధం చెప్పొచ్చు" అన్నానని పట్టించుకోకుండా తోలమని కాదు. ముల్లు ఎర్రగీతకి చేరితే నిజమనే అనుకుని బండి పక్కకి ఆపి ఇంజన్ ఆఫ్ చేయాలి. హెడ్ వంగితే రిపేరు ఖర్చు పాత బండి విలువకే దగ్గరగా వస్తుంది. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు. ప్రెషర్‌లో ఉన్న ఆ నీళ్లు 100 డిగ్రీలు దాటి ఉంటాయి, మొహం మీదకి చిమ్ముతాయి. పరీక్షలన్నీ చల్లారాకే.

ఇప్పుడు మన సగం తప్పు. మా మావయ్య 800కి సిగ్నల్స్ దగ్గరే ముల్లు ఎక్కేది. ఒక షెడ్డులో రేడియేటర్ మార్చాలన్నారు. ఇంకో మెకానిక్ ఫ్యాన్ స్విచ్ వైర్లు రెండూ కలిపి చూశారు, ఫ్యాన్ తిరిగింది. మోటార్ బాగుంది, స్విచ్ పోయింది అని పది నిమిషాల్లో తేల్చి, స్విచ్ మార్చారు. తీసుకున్నది స్విచ్ ధర, బిగించిన కూలీ. కనిపెట్టినందుకు ఏమీ అడగలేదు, అడిగితే మనం ఇవ్వం కాబట్టి. "చూసినందుకు కూడా డబ్బులేంటి?" అనేది మనమే కదా! చూడటానికి డబ్బులు రాకపోతే మార్చడానికే అందరూ మొగ్గుతారు. రేడియేటర్ అమ్మితే లాభం, నిజం చెబితే నష్టం అన్నట్టు మనమే తయారుచేశాం.

రేపు మనలో చాలామంది బగ్ ఎక్కడుందో కనిపెట్టినందుకే జీతం తీసుకుంటాం. అదే పని నూనె చేతులతో చేసే మనిషికి మాత్రం ఊరికే చేయమంటాం. కాబట్టి ఈసారి ఇంట్లో బండి షెడ్డుకి వెళ్తే ముందే చెప్పండి: "అన్నా, ఏదీ మార్చకముందు కారణం చెప్పు. చెక్ చేసినందుకు డబ్బులిస్తాం." రేడియేటర్ ఖర్చు ముందు అది ఎంత?