కొండ మనకు విడిది, పిట్టకు ఇల్లు



వేసవి సెలవులు వస్తే పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్లాలని ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఊటీ, కొడైకెనాల్ అంటే ఖర్చని ఊరుకుంటాము. అయితే మన రాయలసీమలోనే, మదనపల్లెకు దగ్గరలో, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైన హార్సిలీ కొండలున్నాయి. బస్సు కొండమీదికే వెళుతుంది. మా ఇంటిల్లిపాదిమీ అక్కడ రెండు రోజులు గడిపి వచ్చాము. ఈ నెల ఆ సంగతులే మీతో చెప్పుకుంటాము.

ఈ కొండకు పూర్వపు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర 1870 ప్రాంతంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆయన పేరే స్థిరపడింది.

మాలో అందరికంటే చిన్నది అయిదేళ్ల పాప, పెద్దది డెబ్బై ఏళ్ల అమ్మమ్మ. అందుకని నడిచేటప్పుడు వాళ్లిద్దరినీ ముందుంచి, మిగిలినవాళ్లం వెనుక నడిచాము. ఎవరూ అలసిపోలేదు, ఎవరూ వెనుకబడలేదు. నెమ్మదిగా నడిచేవారికే పిట్టలు కనబడతాయని కూడ తెలిసింది. మంచినీళ్లు, మరమరాలు, తలకు టోపీ, కాళ్లకు గట్టి చెప్పులు ఉంటే చాలు. రంగురంగుల బట్టలకంటే మట్టిరంగు బట్టలు మంచివి.

మేము చూడాలని వెళ్లింది పసుపు గొంతు పిగిలిపిట్టను. మన పెరట్లో తిరిగే మామూలు పిగిలిపిట్టకు తల నలుపు, తోక కింద ఎరుపు. దీనికి గొంతు నిండా పసుపు, తోక కింద కూడ పసుపే. మహా బిడియం గలది. 1845లో జెర్డన్ అనే వైద్యుడు దీన్ని శాస్త్రలోకానికి తెలియజేశాడు. కడప జిల్లా కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది కూడ ఆయన పేరే.

మొదటిరోజు ఉదయం కూత మాత్రమే వినబడింది. రెండవరోజు తెల్లవారగానే గాలిబండ దిక్కుగా వెళ్లి, రాళ్లమధ్య కదలకుండా కూర్చున్నాము. చాలాసేపటికి ఒక పొదమీద పసుపురంగు మెరిసింది. పాప తన నోటికి తానే చెయ్యి అడ్డం పెట్టుకుంది!

గమనించండి, అది కనబడింది నాటిన నీలగిరి తోపులో కాదు, బండలు, ముళ్లపొదలు ఉన్నచోట. దక్షిణ భారతంలోని ఇటువంటి రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ పిట్ట లేదు. పొదల పండ్లు, పురుగులు దాని ఆహారం. తిన్న పండ్ల విత్తనాలను అక్కడక్కడ విడిచి, కొత్త పొదలు మొలిపిస్తుంది. గుట్టలను రాతికోసం పగలగొట్టడంవల్ల, పొదలు నరకడంవల్ల, నిప్పువల్ల దాని చోటు తగ్గిపోతున్నది. అందుకే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేరింది.

“అమ్మమ్మా, మన ఊర్లో ఈ పిట్ట లేదా?” అని పాప అడిగింది.

“నా చిన్నప్పుడు మన గుట్ట కూడ ఇట్లాగే ఉండేది. పిట్టలు ఏవేవి ఉండేవో ఎవరు చూశారు? ఇప్పుడు సగం గుట్ట కంకరై పోయింది గదమ్మా” అన్నది అమ్మమ్మ.

మనం పనికిరాని గుట్ట అని పేరుపెట్టినది మరొక ప్రాణికి ఇల్లు కావచ్చు. కొత్త గడ్డి కోసమని ఎండుగడ్డికి నిప్పు పెట్టకముందు, పొద నరకకముందు ఈ మాట గుర్తుచేసుకుందాము. హార్సిలీ కొండలదాకా వెళ్లలేనివారు వచ్చే సెలవునాడు తెల్లవారగానే పిల్లలతో మీ ఊరి గుట్ట ఎక్కండి. ఒక గంట మాట్లాడకుండా కూర్చోండి. ఏ పిట్టలు కనబడినవో పిల్లలచేత నోటుబుక్కులో రాయించండి.