జుట్టు రాలడం వేరు, తెగడం వేరు: తలనూనె అమ్మే రైతులకు ఒక మాట



ఈ మధ్య ప్రకృతి వ్యవసాయం చేసే మనవాళ్లు చాలామంది బియ్యం, పప్పులతో పాటు తలనూనె కూడా కాచి అమ్ముతున్నారు. మందారం, గుంటగలగర, కరివేపాకు, మెంతులు కొబ్బరినూనెలో వేసి కాచడం, సీసాల్లో పోసి వీడియో పెట్టడం. అమ్ముకోవడంలో తప్పేమీ లేదు, మన పెరట్లో, మన గట్టు మీద పెరిగిన ఆకే కదా. నా పేచీ అంతా సీసా మీద రాసే మాటతోనే. "జుట్టు రాలదు, నెల రోజుల్లో ఒత్తుగా పెరుగుతుంది" అని రాస్తున్నాం. ఆ నూనె నిజంగా చేసే మేలు ఇంకొకటి ఉంది. అది చెప్పడం మానేసి, చెయ్యని పని చెప్పి అమ్ముతున్నాం.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. దువ్వెనకి వచ్చిన వెంట్రుకల్ని ఒక నల్లగుడ్డ మీద పరిచి చూడండి. వెంట్రుక నిండు పొడవుండి, ఒక కొసన చిన్న తెల్లటి గుబ్బ కనిపిస్తే అది కుదురు నుంచి ఊడింది. రోజుకి 50 నుంచి 100 దాకా అలా ఊడటం మామూలే. గుబ్బ లేకుండా పొట్టి ముక్కల్లా ఉంటే అది మధ్యలో తెగింది. ఊడటం బాగా ఎక్కువైతే దాని వెనక రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, కాన్పు తర్వాతో పెద్ద జ్వరం తర్వాతో వచ్చిందీ కావొచ్చు. దానికి రక్తపరీక్ష కావాలి, డాక్టరు కావాలి. మన సీసా మీది మాట నమ్మి ఒక ఆడపిల్ల ఆరునెలలు నూనె రాసుకుంటూ కూర్చుంటే, లోపల రక్తం తగ్గుతూనే ఉంటుంది. ఆ పాపం ఎవరిదండీ?

తెగడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉన్న పని. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాకా జడ ఉన్న ఆమె జడకొస ఐదారేళ్ల నాటిది. అన్నేళ్ల ఎండ, దుమ్ము, తలంట్లు అన్నీ చూసింది. చర్మం దాటి బయటికి వచ్చాక వెంట్రుకలో ప్రాణం ఉండదు. కొమ్మ విరిగితే పక్కన చిగురు వేసినట్టు అది తనని తాను బాగు చేసుకోలేదు. కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవడమే మనం చేయగలిగింది.

పొలం పని చేసే ఆడవాళ్లకి తెగే కారణాలు పట్నం వాళ్లకంటే ఎక్కువ. గడ్డిమోపు, ఎరువు గంప తల మీద పెట్టినప్పుడు చుట్టకుదురు కింద నడినెత్తి జుట్టు నలిగిపోతుంది. అక్కడ పొట్టి వెంట్రుకలు లేచి నిలబడి ఉంటే కొత్త జుట్టు వస్తోందని సంబరపడతారు. చాలాసార్లు అవి తెగిన ముక్కలే. చుట్టకుదురు కింద ఒక మెత్తటి నూలుగుడ్డ కట్టుకుంటే రాపిడి తగ్గుతుంది. రోజూ ఒకే చోట బిగించి ముడి వేసుకోకుండా, కాస్త వదులుగా, చోటు మార్చి వేసుకోవాలి. తడి వెంట్రుక సాగుతుంది, బలం తగ్గుతుంది. మనవాళ్లేమో తలంటుకోగానే టవల్‌తో టపటపా కొడతారు, పేలదువ్వెనతో చిక్కు లాగుతారు. టవల్‌తో అద్ది వదిలేయండి. కాస్త ఆరాక వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రండి.

ఇక నీళ్లు. మన బోర్లలో చాలావాటివి ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో సబ్బుతో తలరుద్దితే నురగ రాదు, సున్నం లాంటి తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకి అతుక్కుంటుంది. జుట్టు గరుకెక్కుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే తెగుతుంది. కుంకుడు రసానికి ఈ గొడవ లేదు. అందులో ఉన్న సపోనిన్లు ఉప్పునీళ్లలో కూడా తెట్టు కట్టవు. పైగా సబ్బుకి క్షారగుణం, కుంకుడు రసానికి కొద్దిపాటి పులుపు గుణం, అది జుట్టుకి మేలు. వేపనూనె పిచికారీ చేసేటప్పుడు నూనె నీళ్లలో కలవడానికి కుంకుడు రసం పోస్తాం చూడండి, తలలో జరిగేదీ ఆ పనే. నూనెని పట్టి లాగేస్తుంది. అందుకే చిక్కటి రసం ఉత్త తల మీద పోస్తే జుట్టు పీచులా ఎండిపోతుంది. మన అమ్మమ్మలు ముందు నూనె పెట్టి, ఆ తర్వాతే తలంటేవాళ్లు. ఆ వరుసలోనే అసలు కీలకం ఉంది.

2003లో ఒక సౌందర్యశాస్త్ర పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ జుట్టుకి రాసి చూశారు. కొబ్బరినూనె ఒక్కటే తలస్నానానికి ముందు రాసినా, తర్వాత రాసినా, వెంట్రుక నుంచి పోయే ప్రొటీన్‌ని బాగా తగ్గించింది. అందులోని లారిక్ ఆమ్లం చిన్నది, వెంట్రుక లోపలికి దూరగలదు. చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్లే, ఆ సంగతీ గుర్తుంచుకుని చదవాలి. అయినా వాళ్లు చూపించింది నష్టం తగ్గడమే. కొత్త జుట్టు మొలిచిందని వాళ్లు కూడా అనలేదు. కొబ్బరినూనె అమ్మే కంపెనీయే అనని మాట మనం ఎందుకు అంటున్నాం?

"తలంటుకి ముందు రాయండి, జుట్టు తెగడం తగ్గుతుంది" అని మాత్రమే రాస్తే ఎవరు కొంటారు అని ఒక తమ్ముడు నన్నడిగాడు. మన బియ్యం కొనేవాళ్లు మందులు కొట్టలేదన్న మన మాట మీదే కొంటున్నారు. చాలామందికి మనం ఏ సర్టిఫికెట్టూ చూపించలేదు. నూనె సీసా మీద మాట అబద్ధమని తేలితే బియ్యం బస్తా మీద మాట ఎలా నమ్ముతారు? ఇంకోటి, తలనూనె అమ్మకానికి తయారు చెయ్యాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. మందులా పనిచేస్తుందని రాసేకొద్దీ చిక్కు పెరుగుతుంది.

నన్నడిగితే గట్టు మీద కుంకుడు చెట్టున్నవాళ్లు కాయలే బాగా ఎండబెట్టి, గింజ తీసి అమ్మండి. విశాఖ ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ కుంకుళ్లు, శీకాయ కొంటున్నది ఊరికే కాదు, వాటికి గిరాకీ ఉంది. పొట్లంలో ఒక చీటీ పెట్టండి: రాత్రి నానబెట్టాలి, పొద్దున పిసికి వడకట్టాలి, నీళ్లు కలిపి పలచన చేసుకోవాలి, ముందు నూనె రాసుకోవాలి. కళ్లలో పడితే భగ్గుమంటుంది, పిల్లలకి పోసేటప్పుడు జాగ్రత్త అని కూడా రాయండి. ఎంత పలచగా కలపాలో వీడియోలో చూపించాను, చూసి మీ నీళ్లకి తగ్గట్టు సరిచేసుకోండి.