మాటల్లేవు గానీ మొక్కుంది

అలిపిరి నడకదారిలో, మోకాళ్ళ మెట్టుకు కాస్త ముందు, ఒకామె మెట్లపూజ చేస్తూ కనిపించింది. మెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వంగి దండం పెట్టుకుని పైమెట్టుకు పోతోంది. దారి పొడుగునా మెట్లు 3,550. ఏ మొక్కో అని నేను అడగలేదు. నీళ్ళ కొళాయి దగ్గర ఆగినప్పుడు నాతోపాటు నడుస్తున్న పెద్దాయన అడిగాడు. కొడుక్కి జబ్బు నయమైతే మెట్లపూజ చేస్తానని మొక్కుకుందట. నయం కాలేదు. పిల్లోడు పోయాడు. ఏడాది మైల గడిచాక వచ్చింది.

"ఎక్కడో అనుమానపడుంటావు తల్లీ. గట్టిగా నమ్మింటే స్వామి చేసుండేవాడే" అన్నాడాయన. తిట్టాలని కాదు. ఓదారుస్తున్నాననే అనుకున్నాడు.

ఆమె పసుపు డబ్బా మూత బిగించి లేచింది. "ఆయన మాట ఆయన నిలబెట్టుకోలేదు సామీ. నేను కూడా తప్పితే ఎట్ట? ఆయనతో నాకు మాటల్లేవు. మొక్కు మాత్రం ఉండాది."

పెద్దాయనతో నాకు పేచీ లేదు. ఆయన నోట వచ్చిన మాటతోనే పేచీ. ఆ మాట ఆయన సొంతం కాదు. ప్రవచనంలో వినిపిస్తుంది, వాట్సాప్‌లో పొద్దున్నే పలకరిస్తుంది, చావింటికి పలకరింపుకొచ్చిన బంధువు కాఫీ తాగుతూ అనేసి పోతాడు. దేవుడి పేరు మారుతుందే తప్ప ప్రార్థన కూడికలోనూ ఇదే మాట, దర్గా దగ్గరా ఇదే మాట. నమ్మితే అవుతుంది, అవలేదంటే నువ్వు నమ్మలేదు. ఎటు తిప్పినా చెప్పినవాడే గెలిచే వాదన ఇది. రోగం తగ్గితే నా మందు గొప్ప, తగ్గకపోతే నీ ఒళ్ళు మంచిది కాదు అనే వైద్యుణ్ణి ఏ ఊళ్ళోనూ రెండోసారి గడప తొక్కనివ్వరు. భక్తి దగ్గర మాత్రం ఈ వైద్యానికి ఎదురు మాట్లాడం.

ఈ మాట వెనక ఒక నమ్మకం ఉంది. నిజమైన భక్తుడు ఊగడు, ఊగినవాడు భక్తుడు కాడు, దేవుణ్ణి ముందు పెట్టుకున్నవాడికి రెండో ఆలోచన రాదు అన్నది. మిగతా ఊళ్ళ సంగతి ఎలా ఉన్నా, తిరుపతి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళు ఈ మాట అనడం మన నేలను మనం చదువుకోకపోవడమే.

శ్రీకాళహస్తి పేరే తీసుకోండి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. పాము రాత్రి లింగానికి మణులు పెట్టి పోయేది. ఏనుగు పొద్దున వచ్చి, ఎవడో రాళ్ళు పడేశాడని వాటిని తోసేసి, తొండంతో నీళ్ళు పోసి మారేడు పత్రి పెట్టేది. పాము మళ్ళీ వచ్చి ఈ ఆకులేమిటని లాగేసేది. రెండింటికీ తమ పూజ మీద రవ్వంత అనుమానం లేదు. చివరికి పాము ఏనుగు తొండంలో దూరింది, ఏనుగు తలను బండకేసి కొట్టుకుంది, రెండూ చచ్చాయి. శివుడు మోక్షమిచ్చాడని కథ ముగిస్తాం. బాగానే ఉంది. కానీ ఆ లింగం ముందు పడున్న రెండు శవాల్ని కూడా ఒకసారి చూడాలి. ఇద్దరిలో ఒక్కరైనా ఒక్క పూట ఊగి ఉంటే, ఇది పెట్టిందెవరో అని ఆగి ఉంటే, కథ మరోలా ఉండేది.

ఇక్కడ ఎదుటివాళ్ళు తిన్నణ్ణి తెచ్చి నిలబెడతారు. అదే కాళహస్తిలో, శివుడి కంట నెత్తురు కారితే తన కన్ను పెరికి పెట్టినవాడు. రెండో కంటా నెత్తురు వస్తే, గుడ్డివాడయ్యాక చోటు తెలియదని చెప్పుకాలు ఆ కంటి మీద గుర్తుగా ఆనించి రెండోదీ పెరకబోయినవాడు. వాడు ఊగలేదు కదా అంటారు. ఊగలేదు, ఒప్పుకుంటాను. అయితే తిన్నడు ఏదో జరుగుతుందని నమ్మి కన్ను పెరకలేదు. వాడికి కావలసింది ఏమీ లేదు. ఎదురుగా ఒకరికి గాయమైంది, తన దగ్గర కన్నుంది, అంతే. ఫలం వస్తుందన్న గట్టి నమ్మకానికి తిన్నణ్ణి సాక్షిగా పిలిస్తే వాడు మీ తరపున ఒక్క ముక్క చెప్పడు.

పైగా ఆ కథను తెలుగులో మనకు ప్రబంధంగా కట్టి ఇచ్చినవాడు ధూర్జటి. రాయల కొలువు కవుల్లో ఒకడని పేరు. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నణ్ణి అంత ఇష్టంగా రాసిన చెయ్యే శ్రీకాళహస్తీశ్వర శతకమూ రాసింది. శతకం తెరిచి చూడండి. రాజుల్ని దుమ్మెత్తి పోస్తాడు, వాళ్ళ కొలువు నరకమంటాడు. ఆ కొలువు రుచి తెలియనివాడికి ఆ కసి రాదు. తన ఆశల్ని, తన కోరికల్ని, వదిలించుకోలేకపోయిన వాటినే పట్టుకుని శివుడి ముందు పద్యం తర్వాత పద్యం పంచాయితీ పెడతాడు. తాను తిన్నడు కాదని ధూర్జటికి బాగా తెలుసు. తిన్నడు కాలేనివాడు శివుణ్ణి ఎలా పట్టుకోవాలన్నదే ఆ శతకం. అయిదు వందల ఏళ్ళుగా మన ఇళ్ళలో పిల్లల చేత బట్టీ పట్టించిన ఆ పుస్తకం ఒక ఊగిసలాట చిట్టా. దాన్ని బళ్ళో నేర్పి, బయటికొచ్చాక ఊగేవాడు భక్తుడు కాడనడం ఏం న్యాయం?

అన్నమయ్యదీ ఇంతే. మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో సాళువ నరసింహుడి కథ అందరికీ తెలిసిందే. స్వామి మీద పాడినట్టే తన మీదా ఒకటి పాడమన్నాడు రాజు. అన్నమయ్య చెవులు మూసుకుని కాదన్నాడు. సంకెళ్ళు పడ్డాయి. ఈ కథలో మనం సంకెళ్ళు విడిపోయిన చోట చప్పట్లు కొడతాం. నాకు అంతకు ముందు ముక్క ముఖ్యం. ఆ రాజు అప్పటిదాకా అన్నమయ్యకు చనువున్నవాడు, ఆదరించినవాడు, కానుకలిచ్చినవాడు. కాదనడానికి చేతిలో ఏదో ఒకటి ఉండబట్టే ఆ కాదనడానికి బరువొచ్చింది. ఏమీ లేనివాడు రాజును కాదంటే పోయేదేముంది? రాగిరేకుల మీద చెక్కిన అధ్యాత్మ సంకీర్తనల్లో మనసు నిలవడం లేదన్న మొర ఎన్నిసార్లు వస్తుందో, పాడుకునేవాళ్ళకు తెలుసు. రాగం తీసి పాడతాం గానీ ఆ మాట పట్టించుకోం.

ముందు దేవుడు అన్న మాటకు, ఆ ముందు చోటు కోసం ఇంకోటేదో పోటీ పడుతున్నప్పుడే అర్థం. రెండు దారులు లేనిచోట ఎంచుకున్నాననడం ఉత్త గొప్ప. ఊగిసలాట ఆ ఎంపికకు అడ్డం కాదు, అది జరిగే చోటు.

కాణిపాకం దాకా రండి, ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెప్పరని ఈ ప్రాంతంలో పేరు. రాజకీయ నాయకులు కూడా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అని సవాళ్ళు విసురుకుంటారు. వాళ్ళను వదిలేయండి. తాగుడు మానతానని ప్రమాణం చేయడానికి వచ్చే మగవాళ్ళను, వాళ్ళ వెనక నిలబడే ఆడవాళ్ళను చూడండి. ఆరు నెలలు నిలబడి ఏడో నెల జారినవాడు ఉంటాడు. ఊరు వాణ్ణి చూసి నవ్వుతుంది, దేవుడి మీద ప్రమాణం చేసి కూడా తాగాడని. మళ్ళీ ఆ వినాయకుడి ముందుకు వెళ్ళడానికి వాడికి ఎంత సిగ్గు! ఆ సిగ్గుతోనే రెండోసారి వెళ్ళినవాడి భక్తి, ఎన్నడూ సారా వాసన చూడని నా భక్తి కంటే చిన్నదని నేను అనలేను. మా ఇంట్లో ఎవరూ అనరు కూడా. కారణం చెప్పను.

దేవుడితో పోట్లాడటం ఈ నేలకు కొత్తా? తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు నడివీధిలో నోటికొచ్చిన బూతులు తిడతాడు, అది మొక్కు. ఆ గంగమ్మ వెంకన్నకు చెల్లెలంటారు, కొండ మీది నుంచి ఏటా సారె వస్తుంది. కొండ మీదికి పోతే మహాద్వారం దగ్గర గునపం కనిపిస్తుంది. అనంతాళ్వారు కోపంలో విసిరితే స్వామి గడ్డానికి తగిలిందని చెప్పుకునే గునపం. ఆ దెబ్బకే గడ్డానికి పచ్చకర్పూరం పెడతారంటారు. కోపంలో దేవుణ్ణే కొట్టిన భక్తుడి ఆయుధాన్ని గుడి వాకిట్లో వేలాడదీసిన ఊరు మనది. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆయనతో మాటల్లేకపోతే తప్పు పట్టడానికి మనమెవరం?

మరి అసలు ఊగనివాళ్ళెవరు? బేరం కుదుర్చుకున్నవాళ్ళు. ముందు దేవుడు అన్న మాట మన కళ్ళ ముందే తిరగబడి దేవుడి ముందు మేము అయిపోయింది. శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయల విరాళం, పైన 500 టికెట్టు, బ్రేక్ దర్శనం. ఆ డబ్బుతో ఊళ్ళలో గుళ్ళు కడతారు, మంచిదే, నేను కాదనను. ఇచ్చినవాళ్ళందరూ గర్వంతో ఇచ్చారనీ అనను. కానీ కొండ దిగి వచ్చి "స్వామి నన్ను దగ్గరికి పిలిపించుకున్నాడు" అని చెప్పేవాళ్ళను వింటే నవ్వొస్తుంది. సర్వదర్శనం కంపార్టుమెంటులో రాత్రంతా పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్నావిణ్ణి స్వామి పిలవలేదా? సిఫారసు లెటర్ తెచ్చుకున్నవాడికి నమ్మకం సడలే పనే లేదు, దర్శనం గ్యారంటీ. దాన్ని నిశ్చలభక్తి అనడం కంటే కన్ఫర్మ్ టికెట్ అనడం సబబు.

2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి గొడవ లేచినప్పుడు కూడా ఇలా ఊగనివాళ్ళ గొంతే వినబడింది. కోట్లమంది విశ్వాసం దెబ్బతిన్నదని అన్ని పార్టీలవాళ్ళూ గొంతు చించుకున్నారు. దేవుళ్ళనైనా రాజకీయాలకు దూరంగా ఉంచమని సుప్రీంకోర్టు అనాల్సొచ్చింది, అక్టోబరులో ప్రత్యేక దర్యాప్తు బృందాన్నీ వేసింది. నెయ్యిలో కల్తీ ఉంటే అది నేరం, తేల్చాలి, శిక్ష వేయాలి. కానీ దొంగ మీద కోపాన్నీ దేవుడి మీద అపనమ్మకాన్నీ ఒక గాటన కట్టడం ఏమిటి? ఆ నెలల్లో కొండ ఎక్కిన మామూలు జనం ప్రసాదం కళ్ళకద్దుకునే తిన్నారు. మనసులో ఒక్క క్షణం వెనకాడి తిన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ విశ్వాసం తరపున మైకు పట్టుకోమని వాళ్ళెవరూ ఎవరినీ అడగలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2025 జనవరి 8 రాత్రి, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. స్వామి గుమ్మం తొక్కాలని వచ్చి, కొండ కింద బతుకు చాలించినవాళ్ళు. గట్టిగా నమ్మింటే స్వామి కాపాడుండేవాడని ఆ ఆరిళ్ళలో ఏ ఇంటికి వెళ్ళి అంటారు? అనలేరు కదా. అక్కడ అనలేని మాట ఎక్కడా అనకూడదు.

ఆమె పైమెట్ల మీదికి వెళ్ళిపోయింది. పెద్దాయన కాసేపు అక్కడే కూర్చుని, "పాపం, నమ్మకం పోగొట్టుకుంది" అన్నాడు నాతో. చేతుల నిండా పసుపుతో వేల మెట్లు వంగి వచ్చిన మనిషి గురించి! నేనప్పుడు ఏమీ అనలేదు, పెద్దవాడని. అనాల్సింది. నడకదారిలో అలాంటి తల్లి మీకు ఎదురైతే ఆ ఒక్క మాట మాత్రం అనకండి. మీ దగ్గర ఉంటే కాసిని మంచినీళ్ళు ఇవ్వండి.