ప్యాసింజరు బండి పక్షమున

దక్షిణ కోస్తా రైల్వే జనరల్ మేనేజరు గారి సముఖమునకు,

మహాశయా,

విశాఖపట్టణము కేంద్రముగా మీ జోను 2019లో ప్రకటింపబడి, కార్యాలయభవనమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినపుడు, తమ ఊరి స్టేషనులో ఏ బండి ఏ వేళకు ఆగవలెనో నిర్ణయించువారు ఇకమీదట తమకు చేరువనుందురని ఈ తీరవాసులు సంతసించిరి. ఆ సంతోషమే ఈ లేఖకు ఆధారము.

బెజవాడనుండి కటకమువరకు 1893–1896 నడుమ వేయబడిన ఈ మార్గము, రాజమహేంద్రవరము కడ గోదావరిపై 1900లో వంతెన వెలయుటతో కోస్తా జిల్లాల రాకపోకలకు ఆధారమైనది. నేడు దీనిపై రేవుల బొగ్గుబండ్లును, సూపరుఫాస్టులును, వందేభారతును పరుగెత్తుచుండగా, ఎలమంచిలి, తుని, అన్నవరము, అనపర్తి, ద్వారపూడి, కడియము వంటి ఊళ్లవారు ఎక్కెడి ప్యాసింజరు మాత్రము అన్నింటికిని దారి యిచ్చుచు లూపులైనులో నిలిచియుండును. దూరప్రయాణికునికి అరగంట ఆలస్యము రాత్రినిద్రలో కలిసిపోవును. కడియము నర్సరీలలో పనికి పోవు స్త్రీకి అది ఆనాటి కూలిని హరించును, కాకినాడ కళాశాలకు పోవు విద్యార్థికి పరీక్షనే తప్పించును. ఎవరి కాలము విలువైనదో నిర్ణయించునపుడు టిక్కెట్టు వెలయొక్కటే ప్రమాణము కారాదు.

2020లో కరోనా వలన నిలిచిన బండ్లు మరల నడిచినపుడు, ప్యాసింజరులకు ఎక్స్‌ప్రెస్సు పేరు పెట్టుటచే పది రూపాయల కనీసపు ఛార్జీ ముప్పది యైనది. 2024లో పాత ఛార్జీ తిరిగివచ్చినందుకు కృతజ్ఞులము. అటులనే నాడు ఎత్తివేసిన హాల్టులను గూర్చియు, అచ్చట ఎక్కి దిగువారిని లెక్కించి, పునర్విచారము చేయవలెను. రెండు కొసలను డ్రైవరు గది యుండి, ఇంజను మార్చు పనిలేక, ఆగినవెంటనే వేగమందుకొనగల మెమూబండ్లు ఈ దగ్గర దగ్గర స్టేషన్లకే తగినవి. విశాఖ, రాజమహేంద్రవరము, విజయవాడలకు ఉదయము కచేరీవేళకు చేర్చి సాయంకాలము తిరిగి తెచ్చునట్లు వానిని నడిపి, ఆ రెండు వేళలందైనను వానికి ప్రాధాన్య మొసగవలెను.

ఇది చాలదనియు, పట్టాలు చాలనిచోట న్యాయము సైతము కొంతవరకే సాధ్యమనియు నేనెరుగుదును. విజయవాడ–గూడూరుల నడుమ మూడవ లైనుకు పూనుకొన్నట్లే దువ్వాడ–విజయవాడల నడుమను పూనుకొనక తప్పదు.

కోనసీమ మాట వేరుగా చెప్పవలసియున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పట్టాలు పెరికివేయబడిన కాకినాడ–కోటిపల్లి మార్గము 2004లో మరల ప్రాణము పోసికొన్నది. దానిని గౌతమి, వైనతేయ, వసిష్ఠలను దాటించి నరసాపురముతో కలుపుటకు బాలయోగిగారు లోక్‌సభాపతిగా నున్న దినములలోనే అనుమతి లభించినది. నాడు పుట్టిన శిశువులు నేడు ఉద్యోగములకై అమలాపురమునుండి బస్సులలో తరలిపోవుచున్నారు. ఏ వంతెన ఎన్నడు ముగియునో తేదీలతో ప్రకటించి, ఆ ప్రకటనకు మీరే పూచీపడవలెను.

మొదట కోరునది స్వల్పము: రాబోవు టైంటేబులు అచ్చునకు పోకమునుపు, తుని, సామర్లకోట, తాడేపల్లిగూడెము స్టేషన్లలో దినప్రయాణికులను సమావేశపరచి, వారి వేళలను వారి నోటనే విని వ్రాయించుడు.

ఇట్లు,
ఒక కోస్తావాసి