రాళ్లు మోసినవాళ్ల పేర్లు

ఈజిప్టు అనగానే మనకు గుర్తొచ్చేవి పిరమిడ్లు, మమ్మీలు, ఫారో చక్రవర్తులు. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు అన్న రెండు ముక్కలు బట్టీపట్టి పరీక్షలో రాసి వచ్చేస్తాం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీని విహారయాత్రకు వెళ్లినప్పుడు మనలో కొందరు చూసే ఉంటారు. ఆమె ఒక రాజకుమారి అని చెబుతారు. చూసినవాళ్లు "ఏ రాజు కూతురు?" అని అడుగుతారే గాని, ఆ చుట్టిన గుడ్డ నేసినవాళ్లెవరు, ఆ పెట్టె చేసిన వడ్రంగి ఎవరు అని అడగరు.

కట్టించినవాళ్లు సరే, కట్టినవాళ్లెవరు అనే ప్రశ్న శ్రీశ్రీ మనకు ఎప్పుడో నేర్పారు. వక్తృత్వ పోటీల్లో ఆ ప్రశ్న వేయని వక్త ఉండడు. చప్పట్లు కూడా బాగానే పడతాయి. కాని ప్రశ్న వేసి స్టేజీ దిగిపోతే సరిపోదు, జవాబు వెతకాలి అని నా అభిప్రాయం. ఎందుకంటే ఈజిప్టు విషయంలో ఆ జవాబు కొంతవరకు దొరికింది. అందులో మన హాస్టల్ విద్యార్థులు నేర్చుకోవలసింది ఒకటుంది.

ముందు పెద్దవాళ్ల సమాధుల సంగతి చూద్దాం. క్రీ.పూ. 2560 ప్రాంతంలో గీజాలో ఖుఫు చక్రవర్తి మహా పిరమిడ్ లేచింది. దానికి సుమారు 23 లక్షల రాతిదిమ్మెలు పట్టాయని అంచనా. దాని తూర్పు పక్కన రాణులు, రాజకుమారులు, రాజబంధువుల సమాధులు ఉన్నాయి. పడమటి పక్కన ఎక్కువగా ఉన్నతాధికారులవి. వీటిని మస్తబాలు అంటారు. అరబ్బీలో మస్తబా అంటే అరుగు. నిజంగానే మన ఊళ్లలో ఇంటిముందు అరుగుల్లా, వీధులు తీర్చినట్టు వరుసగా ఉంటాయి. బతికున్నప్పుడు రాజుకు దగ్గరగా ఉన్నవాళ్లు చచ్చిపోయాక కూడా దగ్గరగానే ఉండాలనుకున్నారు. ఖుఫు బంధువు, ప్రధానమంత్రి అయిన హెమియును సమాధి పడమటి వరుసలో ఉంది. ఖుఫుకు సవతి సోదరుడని చెప్పే అంఖాఫ్ అనే అధికారిది తూర్పు వరుసలో అన్నిటికంటే పెద్ద మస్తబా.

సక్కారా అనే చోట అధికారుల సమాధుల్లో గోడల నిండా బొమ్మలు చెక్కారు. "తీ" అనే అధికారి సమాధిలో ఒక పశువుల కాపరి నీళ్లలో మంద దాటిస్తూ లేగదూడను వీపున మోస్తుంటాడు. ఆ దూడ తల వెనక్కు తిప్పి తల్లి కోసం చూస్తుంటుంది. రాజుకు అల్లుడైన మెరెరుకా సమాధిలో ముప్పైకి పైగా గదులున్నాయి. అక్కడొక గోడమీద ఊరి పెద్దలను పన్ను లెక్కల కోసం గుమాస్తాల ముందుకు ఈడ్చుకొస్తారు. ఒకణ్ణి స్తంభానికి కట్టి కొడుతుంటారు. దున్నేవాళ్లు, కోసేవాళ్లు, రొట్టెలు చేసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు అందరూ ఆ గోడలమీద ఉన్నారు. ఇదంతా వాళ్లమీద ప్రేమతో చెక్కించింది కాదు. పరలోకంలో కూడా తమకు తిండికి, సేవకు లోటు రాకూడదని చెక్కించుకున్నారు. అందుకే అధికారి నిలువెత్తు ఉంటాడు, పనివాళ్లు ఆయన మోకాలి ఎత్తున ఉంటారు. అధికారి పేరు, బిరుదులు గోడంతా ఉంటాయి. ఆ పనివాళ్లలో చాలామందికి పేరే ఉండదు.

ఈజిప్టువాళ్ల దృష్టిలో పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. పేరు పలికేవాళ్లు ఉన్నంతకాలమే మనిషి పరలోకంలో బతికి ఉంటాడని వాళ్ల నమ్మకం. దారిన పోయేవాళ్లారా, నా పేరు చదివి పొండి అని సమాధులమీద రాయించుకునేవారు. పగవాడి పేరును ఉలితో చెక్కేయడమే వాడికి పెద్ద శిక్ష.

మరి రాళ్లు మోసినవాళ్లు? వాళ్లంతా కొరడాదెబ్బలు తిన్న బానిసలని సినిమాలు చూసి అనుకుంటాం. 1990లో గీజాలో ఒక గుర్రం కాలు ఇటుక గోడకు తట్టుకోవడంతో పనివాళ్ల శ్మశానం బయటపడింది. అదీ పిరమిడ్ల దగ్గరలోనే. మట్టి ఇటుకలతో, మిగిలిపోయిన రాళ్లతో కట్టుకున్న చిన్న చిన్న సమాధులవి. ఎముకలు చూస్తే బరువులు మోసి అరిగిపోయిన వెన్నులు కనిపించాయి. విరిగి, కట్టు కట్టగా తిరిగి అతుక్కున్న చేతులు కనిపించాయి. అంటే వైద్యం కూడా అందింది. వాళ్లలో పెటేటి అనే ఒకాయన, ఆయన భార్య తమ సమాధికి ఎవరైనా కీడు చేస్తే మొసలి, నీటిగుర్రం, సింహం తినేస్తాయని శాపం రాయించి పెట్టుకున్నారు! బానిసలకు అంత ధైర్యం, అంత స్థలం ఎవరిస్తారు? అలాగని వాళ్లు సుఖపడ్డారని చెప్పను. ఆ వెన్నెముకలే సాక్ష్యం.

మహా పిరమిడ్ లోపల, రాజు గది పైన, ఎవరికంటా పడని ఇరుకు గదుల్లో పనివాళ్ల జట్లు ఎర్ర రంగుతో తమ జట్టు పేరు రాసుకున్నాయి. ఒక జట్టు పేరు "ఖుఫు మిత్రులు".

అన్నిటికంటే విలువైనది 2013లో ఎర్రసముద్రం ఒడ్డున దొరికింది. అది మెరెర్ అనే చిన్న ఉద్యోగి రాసిన దినచర్య. ఇంతవరకు దొరికిన రాతతో ఉన్న పపైరస్ కాగితాల్లో అవే అతి పాతవి. సుమారు 40 మంది మనుషులతో పడవమీద తురా గనుల నుంచి గీజాకు సున్నపురాయి చేరవేయడం అతని పని. ఏ రోజు ఎక్కడ రాయి ఎత్తారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు అని రాసుకున్నాడు. జట్టుకు అందిన సరుకుల లెక్కలు కూడా ఆ కాగితాల్లో ఉన్నాయి. మన మెస్ రిజిస్టరు లాంటిదే అనుకోండి. అందులో పై అధికారిగా అంఖాఫ్ పేరు వస్తుంది. తూర్పు వరుసలో పెద్ద మస్తబా ఆయనదే. మెరెర్ సమాధి దొరకలేదు. కాని పిరమిడ్ పని ఎలా సాగిందో పనిచేసినవాడి మాటల్లో మనకు చెప్పింది అంఖాఫ్ మస్తబా కాదు, మెరెర్ లెక్కల కాగితం.

ఇంకొకటి. రాజుల లోయలో సమాధులు తొలిచిన కార్మికులు దైర్ ఎల్ మదీనా అనే ఊళ్లో ఉండేవారు. మూడవ రామెసెస్ పాలనలో 29వ ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, వాళ్లకు రేషన్ గింజలు సమయానికి రాలేదు. పనిముట్లు పక్కన పెట్టి వెళ్లి ఆలయాల దగ్గర కూర్చున్నారు. ఆకలితో వచ్చామని, ఈ మాట రాజుగారికి చేరవేయమని అడిగారు. చివరికి రేషన్ వచ్చింది. చరిత్రలో రికార్డయిన మొదటి సమ్మె ఇదేనంటారు. మిత్రులారా, "రికార్డయిన" అన్న మాట గమనించండి. అంతకుముందు ఆకలితో పని మానేసినవాళ్లు లేరా? ఉండే ఉంటారు. రాసిపెట్టినవాడు లేడు. ఈ ఊళ్లో రాయడం వచ్చినవాళ్లున్నారు. పిల్లలు సున్నపురాతి పెంకులమీద అక్షరాలు దిద్దేవారు. మన పలకల్లాగా. ఆ పెంకులు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పెద్దవాళ్ల పేర్లను రాయి కాపాడుతుంది. మనలాంటివాళ్ల పేర్లను కాపాడేది ఎవరో ఒకరు రాసిపెట్టిన కాగితమే. మన ఇళ్లలో చాలామంది తాతల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చదువుకున్న మొదటి తరం మనం. ఇకమీదట రాయకపోతే తప్పు మనదే అవుతుంది.

దీన్ని మన దగ్గరే మొదలుపెట్టవచ్చు. ఇలాంటి వార్షికోత్సవ సంచికల్లో మొదటి పేజీల్లో మంత్రిగారి, కలెక్టరుగారి సందేశాలు, ఫోటోలు ఉంటాయి. ఉండాల్సిందే. కాని తెల్లవారుజామున నాలుగింటికి లేచి మనకు పొయ్యి వెలిగించే వంటమనిషి పేరు, కామాటి పేరు, వాచ్‌మన్ పేరు ఎక్కడైనా ఉంటున్నాయా? "వంటసిబ్బంది సహకారంతో" అని ఒక ముక్క ఉంటుంది. అది గోడమీద మోకాలి ఎత్తు బొమ్మలాంటిదే.

సంపాదకవర్గానికి నా సూచన. వచ్చే సంచికలో రెండు పేజీలు వాళ్లకు కేటాయించండి. ఒక్కొక్కరి దగ్గర ఒక విద్యార్థి కూర్చుని పేరు, సొంత ఊరు, ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నారు, ఎన్ని బ్యాచ్‌లకు వండిపెట్టారు అని వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీ కాలంలో మీకు అన్నం పెట్టినవాళ్ల పేర్లు మీకే తెలుసు, మాకు తెలియవు. ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆ పేర్లు ఒక కాగితంమీద రాసి ఇచ్చి వెళ్లండి.